గోడమీది కాపరి

కొన్ని సంవత్సరముల క్రిందట, డిసెంబరు మొదటివారములో, క్రిస్మసు కీర్తనలను ధ్వనిముద్రణము చేయుటకై మేము కృష్ణాతీరమందలి యొక పల్లెకు వెళ్ళితిమి. చర్చి చిన్నది. దాని ప్రక్కన పెంకులు కప్పిన వసారా, వసారాలో ఒకే ఒక గది. ఆదివారము ఉదయము పిల్లలకు బైబిలు కథలు చెప్పెడి గది అది. పాటలు పాడవలసిన స్త్రీలు పొలము పనులు ముగించుకొని వచ్చువరకు మమ్ము ఆ గదిలో కూర్చుండబెట్టిరి. పండుగకని గోడలకు క్రొత్తగా సున్నము వేసియుండిరి. ఎదుటి గోడపైన నీలిరంగు పెద్ద అక్షరములతో ఒక వాక్యము వ్రాసియున్నది. తలుపు ప్రక్కన మాత్రము, చెమ్మకు పూత పెచ్చులూడినచోట, అరచేతి మేర స్థలములో నాలుగు సన్నని నల్లని కాళ్ళు కనబడుచుండెను.

పాడుటకు ముందుగా వచ్చిన వృద్ధురాలిని, “ఈ కాళ్ళు దేనివమ్మా?” అని అడిగితిమి.

“అది మా కాపరయ్య గొర్రె, బాబూ. పైన ఆయన ఉండేవాడు,” అని ఆమె తెల్లని గోడమీద తన తలకంటె జానెడెత్తున చేయి చూపెను. “ఇదుగో, ఇక్కడ తలపాగా. ఇక్కడ భుజమ్మీద గొంగడి. గొంగడి మీద గొర్రెపిల్ల. ఆ మూలన తుమ్మచెట్లు. కిందన మన కాలవే!”

ఆమె పిన్నవయసులో, ఎడ్లబండ్లకు, దుకాణముల పలకలకు రంగులు వేయు చిత్రకారుడొకడు దాపున నున్న పట్టణమునుండి వచ్చి నాలుగు దినములలో ఆ చిత్రము వేసినాడట. కూలి క్రింద ఒక బస్తా వడ్లు పుచ్చుకొన్నాడట. అతడు యెరూషలేము నెరుగడు. ఏటిగట్టున మందలు తోలుకొని పోవు మన గొల్లవారి నెరుగును. అందుచేత సువార్తలోని మంచికాపరికి గొంగడి కప్పినాడు.

“నాకు చదువు రాదు బాబూ. నాకు తెలిసిన బైబులంతా ఈ గోడే,” అన్నదామె. ఆ మాటలో ఫిర్యాదు లేదు. కొంతసేపటికి, “ఇప్పుడు రాసిందీ మంచి మాటే. మా మనవరాలు చదివి చెప్పింది,” అని కూడ అన్నది.

ఆనాడు పాటలు చక్కగా వచ్చినవి, ప్రసారమైనవి. అయితే ఆమె మాట మాత్రము మమ్ము విడువలేదు. పిల్లలకు మతబోధ చేయు గదిలోని గోడ ఎవరిది? బొమ్మదా, అక్షరమా? చదువనేర్చిన పిల్లలకా, చదువురాని ముదుసలికా? చరిత్ర తిరుగవేసి చూడగా ఈ తగవు మన పల్లెలో పుట్టినది కాదనియు, దీనికి పదునెనిమిది వందల యేండ్ల పూర్వకథ కలదనియు తెలియవచ్చినది. అందులో నాలుగు ఘట్టములను మాత్రము శ్రోతలకు విన్నవింతుము.

మొదటి ఘట్టము సిరియా దేశమందలిది. యూఫ్రటీసు నది పడమటి గట్టుమీద దూరా యూరోపస్ అను ప్రాచీన నగర మొకటి యుండెను. గ్రీకులు కట్టినది, పార్థియనులు ఏలినది, కడకు రోమనులు తమ సరిహద్దుకోటగా చేసికొన్నది. ఆ నగరము ఇసుకలో కప్పబడి అందరి జ్ఞాపకములోనుండియు తొలగిపోయెను. 1920వ సంవత్సరమున అచ్చట కందకములు త్రవ్వుచున్న బ్రిటిషు సైనికులకు రంగులతో నిండిన గోడ యొకటి తగిలినది. తరువాత అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారును, ఫ్రెంచి విద్వత్పరిషత్తువారును కలిసి 1928 మొదలు 1937 వరకు త్రవ్వకములు సాగించిరి. 1931-32 త్రవ్వకములలో, కోట పడమటి గోడను ఆనుకొనియున్న వీధిలో, ఒక సాధారణ గృహము బయటపడెను. అది క్రైస్తవుల ప్రార్థనాగృహము. నేటివరకు దొరికినవానిలో కాలనిర్ణయము స్పష్టముగా చేయనైన అతి ప్రాచీనమైన చర్చి అదియే.

ఆ యింటి కట్టుబడిని చెప్పిన మన శ్రోతలు సులభముగా ఊహించుకొనగలరు. నడుమ ఆకాశము కనబడు ముంగిలి, చుట్టును గదులు. మన మండువా లోగిలి వంటిదే. గోడపూతలో గీచియున్న ఒక తేదీ క్రీ. శ. 232-33కు సరిపోవుచున్నది. తరువాత కొంతకాలమునకు రెండు గదుల నడిమి గోడను తొలగించి, డెబ్బది మంది కూర్చుండదగిన సభాస్థలముగా చేసిరి. ముంగిలి కింకొక ప్రక్కనున్న చిన్న గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, దానిపై స్తంభములతో విమానము వంటిది నిలిపిరి. ఈ రెంటికి నడుమ నున్న గది, బాప్తిస్మము పొందగోరువారికి ఉపదేశము చేయు గదియై యుండునని పండితుల ఊహ. నేటి మాటలో చెప్పవలెనన్న అది తరగతిగది.

ఇందులో గమనింపదగిన విషయ మొకటి కలదు. సభాస్థలపు గోడలమీద బైబిలు చిత్రములు లేవు. చిత్రములన్నియు బాప్తిస్మపు గదిలోనే యున్నవి. అనగా, విద్యార్థి మొదట కథ వినెడివాడు; నేర్చుకొనెడివాడు; పిదప ఆ చిన్నగదిలో కాలు పెట్టినప్పుడు, దీపపు వెలుతురులో, తాను విన్నదంతయు గోడలమీద చూచెడివాడు. వినుట ముందు, చూచుట తరువాత.

తొట్టికి పైగా మంచికాపరి నిలిచియున్నాడు. గడ్డము లేని యువకుడు, పొట్టి యంగీ తొడిగినవాడు, భుజములపై పెద్ద పొట్టేలును మోయుచున్నాడు. ముందు మంద మేయుచున్నది. క్రింద ఎడమమూలను చిన్నవిగా ఆదాము హవ్వలను చిత్రించిరి. ప్రక్కగోడమీద పక్షవాయువు గలవాడు మంచముపై పడియున్నాడు. వెంటనే అదే మనుష్యుడు మంచమును వీపున వేసికొని నడచిపోవుచున్నాడు. ఒకే చిత్రములో వెనుకముందులు రెండును చూపించుట చదువురాని వానికి కథ చెప్పు పద్ధతి. ఆవల ఓడయు, నీటిమీద యేసును, పేతురును. క్రింది భాగమున దావీదు గొల్యాతులు.

ఆ గదిలోనే ఇంకను రెండు చిత్రములు కలవు. ఒకదానిలో కొందరు స్త్రీలు దివిటీలు పట్టుకొని తెల్లని పెద్ద కట్టడమొకదానివైపు నడచుచున్నారు. వీరు ఆదివారము తెల్లవారుజామున యేసు సమాధి చూడవచ్చిన స్త్రీలని కొందరు పండితులందురు. కాదు, పెండ్లికుమారుని ఎదుర్కొనబోవు కన్యకలని మరికొందరందురు. ఇంకొకదానిలో ఒక స్త్రీ బావినుండి నీళ్లు తోడుచున్నది. సమరయ స్త్రీ యని బహుకాలము చెప్పుచుండిరి. కన్యమరియయే యని ఇటీవల వాదము బయలుదేరినది. వాదము తెగలేదు. దావీదు గొల్యాతుల విషయమున మాత్రము ఎవ్వరికిని సంశయము లేదు. ఏలనన వారి పేర్లు ప్రక్కనే గ్రీకు అక్షరములలో వ్రాసియున్నవి!

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇందులోనే యున్నది. ఆ చిత్రములు క్రొత్తగా నున్నప్పుడు, వానిని చూపి కథ చెప్పువా రుండిరి. ఈ స్త్రీ ఎవరని అడిగిన పసివానికి సహితము సమాధానము దొరికెడిది. చెప్పువారు పోయిరి; గోడ మిగిలినది; మహాపండితులకే సంశయము పట్టుకొన్నది. గోడమీది చిత్రము సగము పాఠము. తక్కిన సగము దాని ప్రక్కన నిలిచి చెప్పు మనుష్యుని నోట నున్నది.

ఆ చిత్రములు మనకు దక్కుటకు కారణము ఒక యుద్ధము. క్రీ. శ. 256 ప్రాంతమున పారసీక సస్సానీయుల సైన్యము కోటను ముట్టడింపనున్నదని రోమనులు పడమటి గోడను బలపరచిరి. గోడను ఆనుకొనియున్న వీధిలోని యిండ్లను మట్టితో పూడ్చి పెద్ద కట్ట పోసిరి. అయినను కోట నిలువలేదు, నగరము పాడుపడినది. యిండ్లను మింగిన మట్టి రంగులను కాపాడెను. అదే వీధిలో పూడిన యూదుల సభామందిరపు గోడచిత్రములు కూడ, 244-45 నాటివి, ఆ విధముగనే దక్కి దమాస్కసు మ్యూజియమునకు చేరినవి. క్రైస్తవ గృహపు చిత్రములను యేల్ విశ్వవిద్యాలయమునకు తరలించిరి. వెలుతురు సోకిన పిదప వాని రంగులు చాలవరకు వెలిసిపోయినవి. ఇక దూరా నగర స్థలమో, 2011లో సిరియాలో అంతర్యుద్ధము మొదలైన తరువాత దొంగత్రవ్వకముల పాలై గోతులమయమైపోయెను.

రెండవ ఘట్టము ఒక ఉత్తరము. దూరా పూడిపోయిన తరువాత సుమారు మూడువందల నలుబది సంవత్సరములకు, దక్షిణ ఫ్రాన్సులోని మార్సేయి పట్టణమున సెరేనస్ అను బిషప్పు ఉండెను. తన జనులు చర్చిలోని బొమ్మలకు మ్రొక్కుచున్నారని ఆయనకు కోపము వచ్చెను. బొమ్మలను పగులగొట్టించెను. ఈ వార్త రోమునగరమందున్న పోపు గ్రెగొరీకి తెలిసినది. 599లో ఒకసారి, 600లో మరియొకసారి ఆయన సెరేనసునకు వ్రాసెను. మనుష్యుడు చేసిన వస్తువునకు మ్రొక్కకూడదనుట మంచిదే, కాని పగులగొట్టుట తప్పు; గ్రంథము చదువలేనివాడు గోడను చూచి చదువుకొనుటకే గదా చిత్రములను పెట్టినది, అని ఆ యుత్తరముల సారాంశము. అంతటితో ఆయన ఊరకుండలేదు. అలిగి చెదరిపోయిన జనులను మరల చేరబిలిచి, చిత్రము నెందులకు చూడవలెనో, ఎట్లు చూడవలెనో వారికి నచ్చజెప్పుమని బిషప్పునకు బోధించెను.

గ్రెగొరీ మాటలలో మొదటి భాగమును లోకము జ్ఞాపకముంచుకొన్నది. గోడచిత్రములు చదువురానివారి పుస్తకములను సామెతవంటి మాట ఐరోపాలో వేయి సంవత్సరములు చెల్లినది. రెండవ భాగమును, అనగా చేరబిలిచి చెప్పుమన్న మాటను, చాలమంది మరచిరి. మనకు చూడగా రెండవదే ముఖ్యముగా తోచుచున్నది.

చదువురానివారికే చిత్రములన్న మాట యెంతవరకు నిజము? ఈ ప్రశ్నకు జవాబు మూడవ ఘట్టములో దొరకును. అది ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున సాన్ మార్కో మఠము. 1436లో ఆ మఠము డొమినికను సన్యాసులకు సంక్రమించెను. నగరములో కెల్ల ధనవంతుడైన కోసిమో దె మెదీచి ద్రవ్యమిచ్చెను. మికెలోజో అను శిల్పి మఠమును తిరిగి కట్టెను. ఆ మఠవాసులలోనే యొకడైన ఫ్రా ఆంజెలికో, తన శిష్యులతో కూడ, 1438 మొదలు ఏడెనిమిది సంవత్సరములు గోడలకు చిత్రములు వ్రాసెను. మేడమీద నలుబదికి పైగా గదులు. గది కొక చిత్రము. గదుల నడుమ నడవలు, నడవగోడలమీదను చిత్రములు.

ఆ మఠవాసులు చదువురానివారు కారు. ఆ మేడమీదనే మికెలోజో కట్టిన గ్రంథాలయము నాటి ఐరోపాలో మిక్కిలి ప్రసిద్ధమైనది. పుస్తకము కావలసినవాడు పది యడుగులు వేసిన చాలును. అయినను వారు నడవగోడను ఖాళీగా విడువలేదు.

మెట్లెక్కి పైకి చేరినవానికి మొట్టమొదట కనబడునది గాబ్రియేలు దూత మరియమ్మకు శుభవార్త చెప్పు చిత్రము. దూత వంగి నిలిచియున్నాడు. మరియమ్మ చిన్న పీటపై కూర్చున్నది. వారిపైన కమానుల వసారా. ఆ వసారా స్తంభములు మికెలోజో క్రొత్తగా కట్టిన మఠపు స్తంభముల వంటివే. ఆ సంఘటన నజరేతులో జరిగినది. చిత్రములో అది ఫ్లారెన్సు మఠములోనే జరుగుచున్నట్లున్నది. మన పల్లె చిత్రకారుడు కాపరికి గొంగడి కప్పుటయు, మహాచిత్రకారుడు మరియమ్మను తన మఠపు వసారాలో కూర్చుండబెట్టుటయు ఒకే బుద్ధితో చేసిన పనులు. చూచువాడు దూరదేశపు కథ యని ప్రక్కకు తొలగిపోకుండ, ఇది మాయింటి కథయే యనుకొనవలెను. చిత్రము క్రింద, ఈ దారిని పోవువాడు మరియమ్మకు వందనము చెప్పుట మరువరాదని ఒక హెచ్చరిక వ్రాసియున్నది. నడవలో చిత్రము పెట్టుటలోని మర్మము అది. నడవలో ఎవడును నిలువడు. దినమునకు పదిసార్లు దానిని దాటిపోవును. పదిసార్లు జ్ఞాపకము చేయవలసినది అచ్చట నుండవలెను.

క్రొత్తగా చేరిన శిష్యుల గదులలో మరియొక పద్ధతి. ప్రతి గదిలోను సిలువమీది క్రీస్తును, క్రింద డొమినికు మునీశ్వరుని చిత్రించిరి. కాని ముని యొక గదిలో చేతులు జోడించి యుండును. వేరొక గదిలో ముఖము కప్పుకొని యుండును. ఇంకొక దానిలో చేతులు చాచి యుండును. ప్రార్థనలో శరీర మేవిధముగా నుండవలెనో నేర్పు పాఠమాల అది. గ్రంథములో పుటలు పుటలుగా వ్రాసినను తెలియని సంగతి ఒక్క చిత్రమున తెలియును.

ఈ చిత్రములు వ్రాసిన విధమును గూర్చియు రెండు మాటలు. గోడకు సున్నము, ఇసుక కలిపిన పూత పూసి, అది తడిగా నుండగనే నీటిలో నూరిన రంగులు వేయుదురు. కాలిన సున్నపురాయిని నీట విరియబోసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయియగును. రంగు ఆ రాతిలో చిక్కుకొనును. అందుచేత చిత్రకారుడు ఒక దినమున ముగింపగల మేర మాత్రమే పూత పూయించుకొనును. పూత ఆరెనా, తప్పు దిద్దుటకు వీలులేదు. పొడిగోడమీద జిగురుతోనో, గ్రుడ్డుసొనతోనో కలిపి వేసిన రంగులు అంతకాలము నిలువవు. పొరలు పొరలుగా రాలును. మన పల్లె చిత్రము ఈ రెండవ జాతిదని వేరుగ చెప్పనక్కరలేదు.

నాలుగవ ఘట్టము ఇంగ్లండు దేశమున, స్ట్రాట్‌ఫర్డ్ పట్టణమున. అచ్చట ఒక సంఘమువారి ప్రార్థనామందిర మొకటి కలదు. పదునైదవ శతాబ్ది చివర, ఆ యూరివాడై లండనులో ధనమార్జించిన హ్యూ క్లాప్టన్ అనువాని ద్రవ్యముతో దానిని తిరిగి కట్టి, లోపలి గోడలను చిత్రములతో నింపిరి. ముందరి పెద్ద కమానుపైన కడపటి తీర్పుచిత్రము: నడుమ ఇంద్రధనుస్సుమీద క్రీస్తు, ఒకవైపు స్వర్గద్వారము, మరియొకవైపు నోరు తెరచిన నరకము. ఆ మందిరము ప్రక్కనే ఊరి పిల్లల బడి.

పిదప మతసంస్కరణోద్యమము వచ్చెను. 1547లోను, మరల 1559లోను బొమ్మలను తీసివేయవలసినదని రాజశాసనము లాయెను. స్ట్రాట్‌ఫర్డు పురపాలకసంఘమువారి జమాఖర్చులలో 1563-64 సంవత్సరపు పద్దు ఒకటి కలదు: మందిరములోని బొమ్మలను పాడుచేయుటకు 2 షిల్లింగుల ఖర్చు. ఆ లెక్కలు చూచిన అధికారి జాన్ షేక్స్పియరు. ఆ లెక్క లొప్పజెప్పిన కొద్ది మాసములకే, 1564 ఏప్రిలులో, ఆయనకు పుట్టిన కుమారునకు విలియం అని పేరు పెట్టిరి. ఆ విలియం షేక్స్పియరు చదువుకొన్నది మందిరము ప్రక్కనున్న ఆ బడిలోనే యని అందరి నమ్మిక. అంతటి కవి బాల్యము సున్నము పూసిన గోడల ప్రక్కన గడచినదన్నమాట.

గోడలు తెల్లనైన పిదప వానిమీద నేమి వచ్చెను? అక్షరములు. పది యాజ్ఞలను వ్రాయించి ప్రతి చర్చిలోను తూర్పువైపున నిలుపవలసినదని 1561లో ఎలిజబెత్తు రాణి యుత్తరువు చేసెను. ఇందులో న్యాయము లేకపోలేదు. ప్రజలు చదువనేర్వవలెను, దేవునివాక్యమును తమంతట తాము చదువుకొనవలెనని సంస్కర్తల పట్టుదల. ఆ పట్టుదలయే అనేక దేశములలో బడులు పెట్టించెను. 1780లో గ్లాస్టరు పట్టణమున రాబర్టు రెయిక్సు వారమెల్ల కూలిపనులు చేయు బీదపిల్లలకు ఆదివారమునాడు చదువు చెప్పించుట మొదలుపెట్టినది ఆ సంప్రదాయములోనే. నేటి సండే స్కూలునకు అదియే ఆద్యము. అక్షరమును గోడ కెక్కించినవారు అక్షరమును నేర్పు భారము కూడ మోసిరి. కాని అక్షరము వచ్చువరకు గడచిన తరముల మాట యేమి? వారికి గోడలు మూగవోయినవి. ఆ నష్టము జమాఖర్చులలో కెక్కలేదు.

అయితే ఒక చిత్రము! స్ట్రాట్‌ఫర్డువారు గోడలను గీకి పాడుచేయక చాలవరకు సున్నము పూసి యూరకుండిరి. 1804లో మరమ్మతులు చేయుచుండగా సున్నము క్రిందనుండి రంగులు బయటపడెను. థామస్ ఫిషర్ అను ఆయన ఓపికతో వాని ప్రతులు వ్రాసికొనెను. తరువాత మూలములలో చాల భాగము చెడిపోయినవి. ఆయన వ్రాసిన ప్రతులే నేడు ఆధారము. తీర్పుచిత్రము మాత్రము, వెలిసియు, చిరిగియు, కమానుపైన ఇంకను కనబడును. దూరాలో మట్టి చేసిన మేలు స్ట్రాట్‌ఫర్డులో సున్నము చేసెను.

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. ఇచ్చటికి వచ్చిన మిషనరీలలో పెక్కుమంది తెల్లగోడల సంప్రదాయమునకు చెందినవారు. అయినను పల్లెలలో వారికి ఎదురైన జనులు చదువురానివారు. చిత్రములు లేక పని జరుగదని వారికి త్వరలోనే తెలిసినది. చుట్టలుగా చుట్టిన పెద్ద బైబిలు పటములను కొయ్యకు తగిలించి, ఆదివారమున కొక పటము చొప్పున విప్పుచు కథ చెప్పెడివారు. చీకటి పడిన పిదప మాయాదీపము వెలిగించి తెల్లని గుడ్డమీద బొమ్మలు చూపెడివారు. ఈ పద్ధతి మనవారికి క్రొత్తది కాదు. తెలంగాణములో చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డలమీద కులపురాణములను వ్రాసి యిచ్చుటయు, కథకులు ఊరూర ఆ పటములను విప్పి పాడుచు చెప్పుటయు తరతరములుగా ఉన్నవే. కథ చెప్పువాడు లేక ఆ పటమును విప్పరు. పటమును నోటిని విడదీయరాదన్న సంగతి మనవారికి ఒక పోపు ఉత్తరము వ్రాసి చెప్పవలసిన పనిలేదు.

మెదకులోని మహాదేవాలయము ఇందుకు మరియొక సాక్ష్యము. కరవుకాలములో పనిలేని వేలకొలది జనులకు కూలి దొరకునట్లుగా చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర దానిని కట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠిత మయ్యెను. అందలి మూడు పెద్ద కిటికీలలో రంగుటద్దముల ముక్కలతో క్రీస్తు జననము, సిలువవేయబడుట, ఆరోహణము చిత్రితములై యున్నవి. గోడచిత్రములు కావు, గోడలో నమర్చిన చిత్రములు. పగలు సూర్యుని వెలుతురున్నంతసేపే అవి చదువనగును. చీకటి పడిన పిదప పుస్తకము మూసినట్లే. మెదకు వెళ్ళిన ప్రతిసారియు మేము చూచినది ఒకటి కలదు. కిటికీ క్రింద నిలిచి, చంటిపిల్లను చంకనెత్తుకొని, “అదిగో పశులతొట్టి, అదిగో గొల్లలు” అని చూపించు తల్లి యొకతె ఎప్పుడును ఉండనే యుండును.

మరల మన పల్లెకు పోదము. అక్కడి సంఘపెద్దలను మేము తప్పు పట్టము. పండుగకు గోడ తెల్లగా నుండవలెనని వారి కోరిక. పిల్లలు ఇప్పుడు బడికి పోవుచున్నారు; వాక్యము చదువగలరు; ఆ చదువునకై ఆ వృద్ధురాలి తరమువారే తమ కడుపులు మాడ్చుకొన్నారు. పాతచిత్రము రాలిపోవుచుండెను, కాపరి కన్ను ఒకటి అప్పటికే పోయినదని పెద్దలలో ఒకరు మాతో చెప్పిరి. వారు చేసినది అన్యాయమని మే మనము. ఒక్క పని మాత్రము చేయకపోయిరి: సున్నము వేయుటకు ముందు ఎవ్వరిని అడుగలేదు. ఛాయాచిత్ర మొకటి తీయించియుండవలసినది. చిత్రకారుని పేరు ఎవరికైన జ్ఞాపకమున్నదేమో కనుగొని వ్రాసి యుంచవలసినది. దూరాలో చిత్రకారుని పేరు మనకు తెలియదు. మన పల్లెలోను తెలియకపోయినది. దూరాకు పదునెనిమిది శతాబ్దములు గడచినవి. ఇచ్చట ఒక్క మనిషి ఆయుర్దాయమైన గడువలేదు.

చర్చిగదులకు, వసారాలకు బైబిలు చిత్రములు వేయించువారు నేడును పెక్కుచోట్ల నున్నారు. నోవహు ఓడయు, యోనా తిమింగిలమును, సింహముల గుహలో దానియేలును పిల్లలకు ప్రియములైన చిత్రములు. అట్టివారికి మా విన్నపములు రెండే. పాతగోడమీద క్రొత్తచిత్రము వేయుటకు ముందు, క్రింద నేమున్నదో ఊరి ముసలివారిని అడుగుడు. కప్పక తప్పనిచో మన నీరుసున్నముతో కప్పుడు. పాత సున్నపుగోడకు బిగువైన ప్లాస్టిక్ రంగులు పూసిన లోని చెమ్మ వెలుపలికి రాజాలక పాతరంగును పెచ్చులుగా ఊడదీయును. ఇక రెండవది. చిత్రము వేయించినంతనే పని ముగిసెనని తలపకుడు. దాని ప్రక్కన నిలిచి చెప్పు మనిషి నొకరిని సిద్ధము చేయుడు.

ధ్వనిముద్రణము ముగించి మేము పరికరములు సర్దుకొనునప్పటికి సాయంకాల మాయెను. ఆ గదిలోనుండి మాటలు వినవచ్చినవి. తొంగి చూచితిమి. ఆ వృద్ధురాలు తెల్లగోడకు ఎదురుగా నిలిచియున్నది. ఆమె చుట్టును ఆరేడుగురు పిల్లలు. ఆమె చేయి గోడమీద నెమ్మదిగా కదలుచున్నది.

“తొంభై తొమ్మిదీ ఇక్కడే మేస్తన్నాయి. తప్పిపోయిందొక్కటి. ఎక్కడ దొరికిందో చెప్పండి?”

పిల్లలు వ్రేళ్ళు చాచి తుమ్మచెట్లున్న మూలను చూపించిరి. అచ్చట సున్నము తప్ప మరేమియు లేదు.